ఆపిన తెర ముందు నలభై నిమిషాలు

2016లో నేను రాయ్‌పూర్‌లో విద్యాశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. లెక్కలు, సైన్సు పాఠాల్లో స్మార్ట్ బోర్డులు ఎంతవరకు ఉపయోగపడుతున్నాయో మా బృందం పరిశీలిస్తోంది. ఊళ్లోనూ చుట్టుపక్కలా పన్నెండు బడులు నా వంతుకు వచ్చాయి. తరగతిలో వెనక బెంచీ మీద కూర్చుని అబ్జర్వేషన్ షీటు నింపడం నా పని. అదొక గళ్ల కాగితం. స్టాప్‌వాచీ చూసుకుంటూ, బోర్డు నడిచిన ప్రతి నిమిషానికీ ఒక టిక్కు పెట్టాలి.

అభన్‌పూర్ దగ్గర ఒక ప్రభుత్వ బడిలో ఏడో తరగతికి సైన్సు చెప్పేది వరలక్ష్మి గారు. రైల్వే కుటుంబం, శ్రీకాకుళం వైపు వాళ్లు. నేను వెళ్లిన రోజు లోలకం పాఠం. బోర్డు మీద సిమ్యులేషన్ పెట్టారు. అంటే అసలు వస్తువుకి బదులు తెర మీద ఊగే బొమ్మ. గుండు బరువు, దారం పొడవు మార్చి ఏమవుతుందో చూడొచ్చు. గుండు రెండుసార్లు ఊగిందో లేదో ఆవిడ దాన్ని ఆపేశారు. బరువు పెంచితే ఏమవుతుందని హిందీలో అడిగారు.

"భారీ వాలా జల్దీ ఆహీ, మేడమ్!" అని ముందు వరసలోని పిల్ల అరిచింది. బరువైనదే తొందరగా వెనక్కొస్తుందని దాని వాదన. కాదని సగం తరగతి లేచింది. ఆ గోల సాగుతూనే ఉంది, తెర ఆగే ఉంది. నలభై నిమిషాల పాఠంలో నా కాగితం మీద నాలుగు టిక్కులు పడ్డాయి. అడుగున 'తక్కువ వినియోగం' అని రాశాను.

గంట కొట్టాక ఆవిడ నా పేరు చూసి తెలుగులోకి దిగారు. "ఎన్ని మార్కులేసేవమ్మా?"

"చూపించకూడదండీ, రూలు."

"పోనీలే. వాడకం తక్కువుంటే బోర్డు వేరే బడికి పట్టుకుపోతారని హెడ్‌సార్ అన్నారు, అందుకడిగేను. ఒక్క మాట చెప్పు. నేను బోర్డు ఆపీసినప్పుడు నువ్వెటు చూసేవు?"

"స్టాప్‌వాచీ వైపు."

"మా పిల్లలకేసి చూసుంటే బాగుండేది," అన్నారు. కోపంగా కాదు, అన్నం తినకుండా వెళ్తున్న మనిషితో అన్నట్టు అన్నారు.

బస్సులో ఆ మాట వదల్లేదు. నాలుగు రోజులకు మళ్లీ వెళ్లాను. ఈసారి పిల్లలు ఒకే పొడవున్న రెండు దారాలకి రాయి ఒకటి, నిమ్మకాయ ఒకటి కట్టి కిటికీ ఊచలకు వేలాడదీశారు. వరలక్ష్మి గారు నా దగ్గరికొచ్చి చెయ్యి చాపారు. "ఆ గడియారం ఇలా ఇయ్యమ్మా, పిల్లలకి పనుంది." ఇచ్చేశాను. ఇక టిక్కులు పెట్టే వీల్లేదు కనక పిల్లలు అంటున్నవి రాసుకున్నాను. ముందు వరస పిల్ల ఊపులు మూడుసార్లు లెక్కపెట్టింది, మూడుసార్లూ రెండింటికీ సమయం ఒకటే వచ్చింది. నమ్మలేక తెర దగ్గరికి పరుగెత్తి, "అబ్ చలావ్, మేడమ్!" అంది, బొమ్మను నడపమని. బొమ్మ ఊగింది. బరువు పెంచినా సమయం మారలేదు. తరగతంతా కేకలు.

నా గైడు, అంటే పరిశోధనకు దారి చూపే ప్రొఫెసర్, సంగతి విని, షీటు మారుస్తానని నేననేసరికి తల పట్టుకున్నారు. "మధ్యలో షీటు మారిస్తే పాత పరిశీలనలు దేనికి పనికొస్తాయమ్మా?"

"అన్నీ మళ్లీ చేస్తాను సార్."

"ఏడాది పోతుంది."

"పోనీయండి."

అలా అనేశాను. నాతో చేరినవాళ్లు అప్పటికే థీసిస్ రాసుకుంటున్నారు.

మరుసటి వారం ఆయనే నా వెంట వచ్చారు. ఒకే పాఠాన్ని ఇద్దరం విడివిడిగా చూసి, కాగితాలు పోల్చుకోవాలని ఒప్పందం. కొత్త షీటులో ఒక గడి చేర్చాం: తెర ఆగినప్పుడు పిల్లలు ఏం చేస్తున్నారు? ఆ రోజు దారం పొడవు నాలుగింతలు చేశారు. ఊపుకి పట్టే సమయం ఎంత పెరుగుతుందని వరలక్ష్మి గారి ప్రశ్న. మనస్తత్వశాస్త్రం చదివిన మా సారు నా చెవిలో "నాలుగింతలు" అన్నారు. రెండింతలే అయింది. ఆయన అందరికంటే గట్టిగా నవ్వారు. తర్వాత చూస్తే ఆ గడిలో మా ఇద్దరి రాతలూ దాదాపు ఒక్కలాగే ఉన్నాయి.

పన్నెండు బడులూ మళ్లీ తిరిగాను. నిజంగానే ఏడాది ఆలస్యమైంది. రోజంతా బోర్డు నడుస్తున్నా పిల్లలు నోరు తెరవని తరగతులు కొన్ని అప్పుడే నా కంటబడ్డాయి. నివేదికలో నిమిషాల లెక్క పక్కనే పిల్లల మాటలూ చేరాయి. అభన్‌పూర్ బోర్డును ఎవరూ తీసుకుపోలేదు. ఫోనులో చెబితే వరలక్ష్మి గారు, "హమ్మయ్య, చల్లగా ఉండమ్మా," అని, వెంటనే కాంతి పాఠానికి మంచి బొమ్మలేమైనా ఉన్నాయా అని అడిగారు.

కొలవడానికి వీలైనదే ముఖ్యమైనదని నేనప్పటిదాకా అనుకునేదాన్ని. ఏది కొలవాలో తరగతిలో ఊరికే కూర్చుంటే గానీ తెలియదని ఆ బడిలో నేర్చుకున్నాను. ఇప్పుడు నా దగ్గర చేరే పరిశోధకుల్ని మొదటిసారి ఉత్త చేతులతో పంపుతాను. పిల్లలు అడిగిన ప్రశ్న ఒకటి మోసుకొస్తే చాలంటాను. మొన్న ఒకమ్మాయి ముఖం ముడుచుకుని వెళ్లింది. సాయంత్రం వచ్చి చెప్పడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు... టీ చల్లారిపోయినా ఆపలేదు. నేనూ ఆపమనలేదు.