ఎన్ని పొయ్యిల పొగ

తాండూరు నుంచి నా బిడ్డ ఫోన్ చేసినప్పుడు నేను వికారాబాదులో మా ఇంటి వసారాలో చింతపండు గింజలు తీస్తున్నాను. ఎప్పుడు చేసినా ముందు నా మోకాళ్ల సంగతి అడిగే మనిషి ఆ రోజు అడగలేదు.

"అమ్మా, గీత దిగుతలేదు," అంది.

ఏ గీతో నాకు తెలుసు, ఆమె లెక్కలోని గ్రాఫు గీత. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నేను జూనియర్ కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పాను. నా బిడ్డ తాండూరులో డిగ్రీ పిల్లలకు అదే చెబుతూ, మిగిలిన సమయంలో పీహెచ్‌డీ చేస్తోంది. ఆమె అధ్యాయాలు రాసి పంపుతుంది, నేను తప్పులు వెతుకుతాను. పైస్థాయి గణితం నాకు సగమే అందుతుంది. కానీ చిన్నప్పటి నుంచి రోజూ డైరీ రాసే అలవాటు ఉన్నందువల్ల, ఏ సంగతైనా మొదటి నుంచి వరసగా వస్తేనే నా మనసు ఒప్పుకుంటుంది. ఆమెకు నాతో పడే ఇబ్బందీ అదే, నాతో ఉండే లాభమూ అదే.

గడువు ఆ నెలాఖరు. అప్పటికే ఒకసారి పొడిగించారు. ఈసారి సమర్పించకపోతే రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. పెళ్లి, కాన్పు, కాలేజీ, పరీక్ష పేపర్ల మధ్య ఆమె చేసుకుంటూ వచ్చిన పనంతా వృథా అవుతుంది. చివరి అధ్యాయం చూసిన గైడు ఒక్క ప్రశ్న రాసి తిప్పి పంపారు: ఫోటాన్ శక్తి తగ్గేకొద్దీ ఈ గీత సున్నాకు దిగాలి కదా, పైకి ఎందుకు పోతోంది?

"రేపు పొద్దటి బండికి వస్తున్న," అన్నాను.

రైల్లో నాకు ఏమీ చదవబుద్ధి కాలేదు. మర్పల్లి నుంచి వచ్చి కూతురింటికి పోతున్న ఒకామె ఎదురుగా కూర్చుని ఉల్లిగడ్డ ధర గురించి మాట్లాడుతుంటే తల ఊపుతూ వచ్చాను.

నా బిడ్డ చేసే పనేమిటో ఇక్కడ చెప్పాలి. ఒక క్వార్కు, ఒక ప్రతిక్వార్కు కలిస్తే మెసాన్ అనే కణం అవుతుందని పాఠాల్లో చెబుతాం. వాటిలో స్పిన్ లేని తేలికపాటి మెసాన్లు కొన్ని ఆ పాఠానికి సరిగా లొంగవు. వీటిలో ఎఫ్-జీరో, ఏ-జీరో అనే రెండింటి బరువు దాదాపు ఒకటే. కేయాన్ అనే ఇంకో రకం మెసాన్లు రెండింటి బరువు కలిపితే వచ్చేదానికి ఆ బరువు కొంచెమే తక్కువ. అందుకని కొందరు ఇవి మామూలు జంటలే అంటారు. కొందరు నాలుగు క్వార్కులు ఒకే ముద్దగా ఉన్నాయంటారు. మరికొందరు ఇవి అసలు ఒక కణమే కావు, రెండు కేయాన్లు ఒకదాన్నొకటి వదులుగా పట్టుకుని ఉన్నాయంటారు.

లోపలికి తొంగి చూడలేం. కానీ ఫై అనే మరో మెసాన్ ఉంది. అది అప్పుడప్పుడు ఒక ఫోటాన్‌ను, అంటే వెలుగు కణాన్ని, వదిలి ఈ మెసాన్‌గా మారుతుంది. అలా ఎంత తరచుగా మారుతుందనేది ఆ మెసాన్ లోపలి కట్టుబడిని బట్టి ఉంటుంది. నా బిడ్డ లెక్క అదే.

దీన్ని మా వియ్యపురాలికి చెప్పాల్సి వచ్చింది ఒకసారి. ఆమెది బంట్వారం వైపు ఊరు. కోడలు ఇన్నేళ్లుగా ఏం రాస్తోందో తెలుసుకోవాలని ఆమెకు పట్టుదల.

"ఒక ఇంట్ల నలుగురు ఉన్నరనుకో వదినె," అన్నాను. "నలుగురు ఒక్క పొయ్యి మీదనే వండుకుంటున్నరా, లేకుంటే రెండు కాపురాలు పక్కపక్క వాటాలల్ల ఉన్నయా అని బయట నిలబడే చెప్పాలె. లోపలికి పోరాదు."

ఆమె క్షణం ఆలోచించలేదు. "పొగ జూస్తె తెలుస్తది గద. ఎన్ని పొయ్యిల పొగ లేస్తుందో జూడు."

ఫోటాన్‌కు అంతకంటే మంచి పోలిక నా సర్వీసంతా వెతికినా నాకు దొరకలేదు. "ఇప్పుడంటే అందరికీ గ్యాసే అనుకో," అని ఆమే మళ్లీ నవ్వింది.

స్టేషన్ నుంచి ఆటోలో వాళ్లింటికి చేరేసరికి అల్లుడు నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్‌కు, మనవడు బడికి వెళ్లిపోయారు. నా బిడ్డ కాలేజీకి సెలవు పెట్టింది. హాల్లో నేలంతా ఆ ఊరి నాపరాయే. ఆమెకు బోర్డు లేదు, ఆ బండలే బోర్డు. ఒక్కో బండ మీద సుద్దతో ఒక్కో బొమ్మ గీసి, దాని కింద దానికి సంబంధించిన సూత్రం రాసుకుంటుంది. కిటికీ దగ్గరి టేబుల్ మీద కంప్యూటర్ పెట్టుకుని, తల తిప్పి నేల వైపు చూస్తూ ప్రోగ్రామ్ రాస్తుంది. వియ్యపురాలు ఆ బండలను వదిలేసి చుట్టూ తుడుస్తుంది. వచ్చిన చుట్టాలను కూడా గోడ వారగా నడిపిస్తుంది.

"వచ్చినవా వదినె? జర నీ బిడ్డకు చెప్పు, నిన్నటి సంది అన్నం ముట్టలే," అంది గడపలోనే. "ముగ్గు ఏసే చోట గీ బొమ్మలు ఏసుకున్నది, అవి దీని పానం తీస్తున్నయి."

"అత్తమ్మా, నువ్వు ఊకో," అంది నా బిడ్డ లోపలి నుంచి.

తెర మీద గీత చూపించింది. కుడి వైపు చక్కగా ఉంది. ఎడమ చివర, ఫోటాన్ శక్తి సున్నాకు దగ్గర పడే చోట, కిందికి దిగాల్సింది ముక్కు పైకెత్తి నిలబడింది.

"గా ముక్క కోసేసి, జర ఇవతలి నుంచి గీస్తె ఎవరు జూస్తరమ్మా?" అంది, నా వైపు చూడకుండా.

నేను కళ్లద్దాలు పెట్టుకుని తెర దగ్గరికి వంగాను. మళ్లీ తనే, "నేనే చూస్త," అంది.

నాకు తెలిసిన పద్ధతి ఒక్కటే. "నేను ఫస్టియర్ పిల్లననుకో. మొదటి నుంచి చెప్పు," అన్నాను. ఆమెకు ఒళ్లు మండింది. "ఇప్పుడా అమ్మా?" అంది. అన్నా గానీ లేచి బండల దగ్గరికి వచ్చింది.

"ఫై మెసాన్ రెండు కేయాన్లుగా విడిపోతది. ఒకదానికి ధనావేశం, ఒకదానికి రుణావేశం. తర్వాత ఆ రెండు మళ్ల కలిసి ఎఫ్-జీరో అయితయి. ఆవేశం ఎక్కడెక్కడ ఉంటదో అక్కడల్ల నుంచి ఫోటాన్ రావచ్చు. అన్ని చోట్లవి కలిపితేనే లెక్క నిలబడతది. ఒక్కటి ఇడిస్తె మొత్తం పాడైతది."

"ఎక్కడెక్కడ నుంచి రావచ్చు?"

వేలు పెట్టి చూపించసాగింది. "ధన కేయాన్ నుంచి, ఇగో. రుణ కేయాన్ నుంచి, ఇగో. ఫై విడిపోయే జాగ నుంచి, ఇగో. నేను రెండు కేయాన్లు వదులుగా ఉన్నయని పట్టుకున్న గద, అవి కలిసే జాగ చుక్క కాదు, పరుచుకుని ఉంటది. అందుకని ఆ కలిసే జాగ నుంచి గూడ..."

వేలు తర్వాతి బండ వైపు తిరిగి గాలిలో ఆగిపోయింది. అక్కడ బండ కనబడడం లేదు. గోడ దాకా కందుల బస్తాలు ఉన్నాయి.

"అత్తమ్మా," అంది నెమ్మదిగా. "గీ బస్తాలు ఎప్పుడు ఏసిన్రు?"

"పోయిన నెల మన చేను కోత కాంగనే వచ్చినయి గద. నువ్వు టేబుల్ కాడనే కూసున్నవ్, కాళ్లు గూడ ఎత్తినవ్ హమాలీలు పోతాంటే."

నా బిడ్డ కంప్యూటర్ దగ్గరికి ఉరికింది. పాత ప్రోగ్రామ్ పనికిరాదని మొత్తం కొత్తగా రాసుకున్నది సరిగ్గా ఆ రోజుల్లోనే. తల తిప్పి నేల మీద ఏం కనబడితే అది ఎక్కించింది. కనబడినవి ఎక్కాయి. కనబడనిది ఎక్కలేదు.

"ఆ బొమ్మ లేదమ్మా. ప్రోగ్రామ్‌ల లేనే లేదు." ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలియలేదు. "సూత్రం గూడ అక్కడనే రాసిన."

"సుద్దది, అరిగిపోయి ఉంటది," అన్నాను, ముందే మనసు దిటవు చేసుకుందామని.

వియ్యపురాలికి కోపం వచ్చింది. "నేనేమన్న తెలివి లేనిదాన్నా? కోడలి బొమ్మ కరాబైతదని పాత దుప్పటి నాలుగు మడతలు ఏసి దాని మీద పెట్టిపిచ్చిన. హమాలీలు నవ్విన్రు గూడ."

"చెప్పకపోయినవ్ అత్తమ్మా!"

"నీ చెవులల్ల ఆ వైర్లు పెట్టుకుంటివి. ఎవరికి చెప్పాలె?"

హమాలీలను పిలిచే ఓపిక ముగ్గురిలో ఎవరికీ లేదు. నా మోకాళ్లు, వియ్యపురాలి నడుము, నా బిడ్డ ఖాళీ కడుపు, ఇవే మా బలగం. ఒక్కో బస్తాను చెవులు పట్టి ఈడ్చాం. "దమ్ము పట్టు వదినె, జారిడువకు," అని ఆమె కేకలు. కందుల దుమ్ముకు నాకు తుమ్ములు. చివరి బస్తా కదిలాక నా బిడ్డ మోకాళ్ల మీద కూర్చుని దుప్పటి అంచు పట్టుకుని, పక్కకు లాగకుండా నిటారుగా పైకి ఎత్తింది.

బొమ్మ ఉంది. నొక్కుకుపోయి కొంచెం మసకబారింది, అంతే. కింద సూత్రం చదవడానికి వీలుగానే ఉంది.

తర్వాత పనికి తొందర పడనివ్వలేదు నేను. ముందు అన్నం, పచ్చిపులుసు. తిన్నాక ఆమె సూత్రాన్ని బండ మీద నమ్మకుండా కాగితం మీద మళ్లీ తయారు చేసింది. రెండూ కలిశాయి. ప్రోగ్రామ్‌లో చేర్చి నడిపింది. గీత కుడి నుంచి వచ్చి, ఎడమ చివర మెత్తగా వంగి, సున్నా దగ్గర ఆగింది. మేమిద్దరం చాలాసేపు దాన్నే చూశాం.

ఫై ఎంత తరచుగా మారుతుందనే సంఖ్య కొంత తగ్గింది, కానీ అధ్యాయం తిరగరాసే అవసరం రాలేదు. సాయంత్రం గైడుతో ఫోన్లో మాట్లాడుతూనే నా వైపు తిరిగి బొటనవేలు ఎత్తి చూపించింది. నెలాఖరుకు ముందే సిద్ధాంత గ్రంథం యూనివర్సిటీలో చేరింది. రసీదు ఫొటో నాకు పంపింది.

గీత దిగిన ఆ సాయంత్రమే, నేను బయల్దేరే ముందు వియ్యపురాలు చాయ్ ఇస్తూ కోడలిని అడిగింది.

"ఇంతకు ఎన్ని పొయ్యిలంట?"

"రెండు ఉండొచ్చని నా లెక్క చెప్తది అత్తమ్మా. ఒక్కటే కాదని మాత్రం గట్టిగా చెప్పలేం. కొలతలు ఇంక సన్నగా రావాలె."

"ఇన్నేండ్లు చదివి, నా బస్తాలు గుంజిపిచ్చి, గింతేనా?"

"గింతే," అంది నా బిడ్డ. అంత తేలిగ్గా ఆమె నవ్వడం నేను చూసి చాలా కాలమైంది.

తిరుగు రైల్లో కిటికీ పక్క సీటు దొరికింది. తల ఆనించానో లేదో నిద్ర పట్టేసింది. ఎవరో భుజం తట్టి, "ఎక్కడ దిగాలె అమ్మా?" అంటే కళ్లు తెరిచాను. వికారాబాదు ఎప్పుడో దాటి శంకర్‌పల్లి వచ్చింది. ఇన్నేళ్లలో ఈ లైనులో నా స్టేషన్ దాటిపోవడం నాకు అదే మొదటిసారి. ప్లాట్‌ఫాం మీద బెంచీ చూసుకుని, వెనక్కి పోయే బండి కోసం తీరుబడిగా కూర్చున్నాను.