రీలు మీది ఖాళీలు

పొద్దున ఆరుంబావుకు మా అన్న చాయ్‌పత్తి డబ్బాలో చెయ్యి పెట్టి ఒక చిట్టీ తీసిండు. దాని మీద 'బాపు చెప్పులు' అని ఉన్నది. రాసింది నేనే. ఆ రోజు మా పని, ఆ చెప్పులతో రెండు నిమిషాల సంగీతం చేయడం.

అరవై తొమ్మిది, ప్రత్యేక తెలంగాణ కోసం గొడవ నడుస్తున్న ఏడాది. కాలేజీలు బంద్ పడి, పట్నంలో చదువుతున్న అన్న మా ఊరు మొయినాబాద్ వచ్చి ఇంట్లో ఉన్నడు. చేవెళ్లలో నా బడి కూడా మూసిండ్రు. బాపు, మా నాన్న, చర్చి సంఘంలో పెద్ద. ఆదివారం ప్రసంగాలు ఎక్కించే టేప్ రికార్డర్ మా ఇంట్లోనే ఉండేది. కుట్టుమిషనంత బరువు. అక్కరలేని ఒక పాత రీలును పాస్టర్‌గారు మాకిచ్చిండ్రు.

ఇంట్లో రోజూ ప్రార్థన కాగానే వాగ్దానాల పెట్టెలోంచి తలా ఒక వాక్యం కార్డు తీసుకునేవాళ్లం. ఏది వస్తే ఆ రోజుకు అదే. నచ్చలేదని తిరిగి పెట్టొద్దు. అన్న ఆ పద్ధతినే మా చిట్టీలకు పెట్టిండు. బావిలో నీళ్లు తోడే చేద, ముడిమ్యాల ఊరికి పోయే బండి, బస్సు తప్పిపోయిన మనిషి, ఏది వస్తే అది చేయాలె. ఇంట్లో ఉన్న వస్తువులే వాడాలె.

నేను ఒక నియమం కలిపిన. మనిషి గొంతు ఉండొద్దు. మాటలకు ఆదివారాలు ఉన్నయి కదా అని చెప్పిన.

బస్సు తప్పిపోయిన మనిషి కోసం చాటలో ఇసుక పోసి నడిచినట్టు పిడికిళ్లతో ఒత్తినం. సైకిల్ బోర్లేసి చక్రం పుల్లలకు అట్టముక్క తగిలిచ్చి తిప్పినం. రికార్డు చేసేటప్పుడు అన్న రీలును వేలితో ఆపి ఆపి వదిలితే, మళ్లీ వినేటప్పుడు ఆ చప్పుడు ఒకసారి ఉరికినట్టు, ఒకసారి ఈడ్చినట్టు వచ్చింది. విని ఇద్దరం రీలు వెనక్కి తిప్పి మళ్లీ పెట్టుకున్నం. మాకు తెలిసిన ఏ పాటలాగానూ లేదది.

నియమాన్ని అన్న పాటించలేదు. ప్రతి ముక్కకు ముందు మైకు దగ్గర నిలబడి, ప్రసంగీకుని గొంతు పెట్టి చిట్టీ చదివేటోడు. "ప్రియులారా, ఈ ఉదయం మనకు దొరికిన వాక్యం, బాపు చెప్పులు." వంటింట్లోంచి అవ్వ, మా అమ్మ, తిట్టేది. చర్చి మిషన్‌తోని పరాచికాలేందిరా అనేది. తిడుతూనే నవ్వేది. ఆ నవ్వు కోసమే వాడు ఇంకా సాగదీసి చదివేటోడు.

పదకొండు ముక్కలైనంక, చర్చిలో యువజనులకు వినిపిద్దామనుకున్నం. నేను ఒక మధ్యాహ్నం ఒక్కదాన్నే కూర్చొని, ప్రతి ముక్క మొదట్లో ఉన్న అన్న మాటల మీద ఖాళీగా రికార్డు చేసిన. పదకొండు చోట్ల. అక్షరం మిగలకుండా జాగ్రత్తగా తుడిచిన. సంగీతం శుభ్రంగా ఉండాలని నా పట్టు.

అన్న విని, "ఏం పాస్టరమ్మా, నన్ను సంఘంలకెల్లి వెలేసినవా?" అన్నడు. కోపం తెచ్చుకోలేదు. రేపు ఇంకోటి చేద్దాం పా అన్నడు.

ఆ వారంలోనే ఊరి పిల్లలు నలుగురితో కలిసి పట్నంలో ఊరేగింపుకు పోయిండు. పొద్దుగూకే వరకు వస్తనని అవ్వకు చెప్పిండు. కాల్పులు జరిగి వానికి తూటా తగిలింది. వాడు ముందు నడిచిండో, పక్కన నిలబడి చూసిండో, వెంట పోయినవాళ్లు తలా ఒకతీరు చెప్పిండ్రు. మూడో రోజు దవాఖానలో ప్రాణం పోయింది. సురంగల్ దారిలో మట్టిచేసినం.

కాలేజీ ఫారం కోసం తీసిన ఫోటో ఒకటి మిగిలింది. అది అవ్వకు నచ్చలేదు. వాడు అట్ల బిగుసుకొని ఎన్నడున్నడు అన్నది.

నెల దాటినంక ఒక పొద్దున అవ్వ నా దగ్గరికి వచ్చి కూర్చున్నది. "ఆ మిషన్ల వాని గొంతు ఉన్నది గద, జర పెట్టు బిడ్డా."

రీలు పెట్టి స్విచ్ వేసిన. మొదట గరగర, తర్వాత చెప్పుల చప్పుడు. ముక్క అయిపోగానే అవ్వ ముందుకు వంగింది. వాడు మాట్లాడే చోటు ఎక్కడో ఆమెకు బాగా తెలుసు. గరగర వచ్చింది. ఆ వెనక చేద. నాలుగో ఖాళీ దాక అట్లనే వంగి విన్నది.

"మిషన్ ఖరాబైందా?"

"లేదవ్వా. నేనే తుడిపేసిన."

"ఎందుకు?"

మాటలుంటే సంగీతం చెడిపోతదని చెప్పిన. ఆ మాట నా చెవులకే ఎట్లనో వినబడ్డది.

అవ్వ కొంచెంసేపు నా మొహం చూసింది. తిట్టలేదు. మిగిలినయి పెట్టుమన్నది. ఒక్కో చప్పుడుకు ఇది ఎవరు కొట్టిండ్రని అడిగింది. అన్న అని చెప్తే తల ఊపేది. నేను అని చెప్తే ఊకునేది. చివరికి వచ్చేసరికి, నేను కొట్టినయి కూడా అన్నయే అని చెప్పిన. నమ్మిందో లేదో తెలియదు. రీలు అయిపోయినంక లేచి పొయ్యి దగ్గరికి పోయింది. మళ్లీ ఎన్నడూ అడగలేదు.

అన్న మాట్లాడిందంతా కలిపితే రెండు నిమిషాలు కూడా ఉండదు. మేమిద్దరం చేసిన చప్పుళ్లు ఇరవై నిమిషాలకు పైన ఉన్నయి. అవి ఎవరివైనా కావచ్చు.

బడులు తెరిచినంక బాపు మిషన్‌ను చర్చికి తిరిగిచ్చిండు. మా ఇంట్లో ఎవరమూ ఇప్పుడు ఏదీ రికార్డు చేయం.