చీమల కథ, వానల నవల

ఆ రోజుల్లో అన్నదమ్ములు విడిపోవడానికి పొలం గట్టో, బావి నీళ్లో కారణమయ్యేవి. మా ఇంట్లో మాత్రం ఒక ఇంగ్లీషు రచయిత సరిపోయాడు. కోయిలకుంట్ల దగ్గరి పల్లెలో నేను కొత్తగా కాపురానికి వచ్చిన ఏడాది సంగతి ఇది. మా ఆయన, బావగారు ఇద్దరూ కర్నూలులో చదువుకుని సేద్యానికి తిరిగొచ్చినవాళ్లు. రాబోయే కాలాల గురించి, ఎవరూ చూడని లోకాల గురించి రాసే ఆ దొర పుస్తకాలంటే ఇద్దరికీ ప్రాణం. కాకపోతే ఆ రచయిత చిన్న కథలే గొప్పవని మా ఆయన, నవలలే గొప్పవని బావగారు. ఒకనాడు అన్నం దగ్గర మాట పెరిగింది. "నీకు ఓపిక లేదు, అందుకే చిన్నవి చదువుతావు" అన్నారు బావగారు. "నీకు నిద్ర రాదు, అందుకే పెద్దవి చదువుతావు" అన్నారు మా ఆయన. అంతే, ఇద్దరికీ మాటల్లేవు.

ఆ మాటలన్నీ నా నెత్తిన పడ్డాయి. (బావగారి ఎదుట నిలబడటానికే జంకే కొత్త కోడల్ని, ఇద్దరి మధ్య టపా బంట్రోతునయ్యాను.) "మీ ఆయన ఏ చేను ముందు విత్తుతాడో కనుక్కోమ్మా" అని ఒకరు, "మా అన్ననే అడుగు" అని ఇంకొకరు. తొలివాన పడితే రెండు జతల ఎద్దులూ ఒకే చేన్లోకి దిగాలి. ఇల్లు రెండుగా చీలుతుందేమోనని మా అత్తకు దిగులు పట్టుకుంది. చివరికి ఆమే కొడుకులిద్దరినీ పిలిచి, "ఆయప్ప ఏం రాసినాడో నాకూ చెప్పండి, నేను చెప్తా ఏది బాగుండాదో" అంది.

మా ఆయన కథ చెప్పారు. ఒకాయన చీమల మాటలు వినిపించే మందు కనిపెట్టి తాగుతాడు. మొట్టమొదట అతని చెవిన పడింది, తన అడుగుల చప్పుడుకి చీమలు చేసుకుంటున్న ప్రార్థన. అంతే కథ. నేను రెండు రొట్టెలు తట్టేలోగా అయిపోయింది. మర్నాడు అత్త వాకిలి ఊడుస్తూ చీమలబారు దగ్గర చీపురు పైకెత్తి పట్టుకుంది.

బావగారి నవల మాత్రం విత్తనానికి చెనక్కాయలు ఒలిచినన్ని సాయంత్రాలూ సాగింది. సముద్రాలు ఎండిపోయిన కాలంలో కొందరు వానను వెతుక్కుంటూ పోతారు. మా వాళ్లకు వాన కథ ఒకరు చెప్పాలా! ఇరుగుపొరుగు ఆడవాళ్లు కూడా చేటలు తెచ్చుకుని కూర్చున్నారు. మా ఆయన వసారాలో పలుపుతాడు పేనుతున్నట్టు నటిస్తూ విన్నారు. ఆఖరికి కథానాయకుడు లోకాన్ని ఎలా పాలించాలో పెద్ద ఉపన్యాసం ఇస్తాడు, పుస్తకం ముగుస్తుంది.

"వాన?" అంది అత్త.

"పళ్లేదమ్మా."

"ఇన్ని దినాలు కూచోబెట్టి వాన కురిపీడా! రెండు చినుకులు రాస్తే ఆ దొర సొమ్మేం పోతాది?"

"అదే నేనూ చెప్తాండేది!" మా ఆయన వసారాలోంచి లేచి వచ్చారు. "చిన్న కథలో చూపిస్తాడు, పెద్దదాంట్లో పాఠం చెప్తాడు!"

"నువ్వు నడిమధ్య అధ్యాయాలు సరిగ్గా చదవలేదులే!"

"చదివినా అన్నా!"

"అన్నా" అన్న మాట విని అత్త తల వంచుకుని చెనక్కాయలు గబగబా ఒలిచేసింది. తీర్పు సంగతి ఆమె మళ్లీ ఎత్తలేదు. వాళ్లు పొలంలో విత్తుతూ కూడా ఆ వాదనే సాగించారు.

తరవాత మా ఆయన దగ్గరే ఇంగ్లీషు నేర్చుకుని ఆ రెండూ నేనే చదివాను. కథ ఆయన చెప్పినట్టే ఉంది. నవలలో మాత్రం, బావగారు చెప్పినప్పుడు దారి పొడుగునా తండ్రితో పోట్లాడుతూ నడిచే కూతురు, నాకు అందరికంటే నచ్చిన పిల్ల, ఎక్కడా లేదు. బావగారినే అడిగాను. అప్పటికి ఆయన జుట్టు నెరిసింది. "నువ్వు ఈడ కూచొని ఇంటాంటివి గదమ్మా, కతలో ఒక ఆడపిల్లన్నా లేకుంటే ఎట్ల?" అని నవ్వారు.

నన్నడిగితే ఇప్పటికీ ఆ దొర కథలే గొప్పవంటాను. కానీ చేతిలోకి తీసుకునేది నవలనే. లేదని తెలిసీ, ఎక్కడైనా చూడకుండా దాటేశానేమోనని ఆ పిల్ల కోసం పేజీలు తిప్పుతుంటాను.