గ్రేస్‌మణి మేడం జీన్స్ ప్యాంటు

కుంకుడు రసంలో నానిన మందపాటి నీలం గుడ్డకు ఒక వాసన ఉంటుంది. మా అమ్మాయి దాన్ని తడిసిన గోనెసంచి వాసన అంటుంది. నరసరావుపేటలో మేముండే డాబా మీద, నీళ్ళ ట్యాంకు నీడలో, లోపలి వైపు బయటికి తిప్పి నా పాత జీన్స్ ప్యాంటు ఆరేశాను. మొన్న ఆదివారం ఆరిందో లేదో చూద్దామని వెళితే ఆ వాసన తగిలింది. తగలగానే గ్రేస్‌మణి మేడం గొంతు చెవిలో పడింది. "ఎండలో వెయ్యమాకమ్మాయ్. అదేమన్నా మిరపకాయా?" ఆమె పోయి ఏడాది దాటింది. నేను క్లిప్పులు సర్ది, అది నీడలోనే ఉందని మరోసారి చూసుకుని కిందికి దిగాను.

ఆమెను చూడనివాళ్ళకు ఆమె ఎలా ఉండేదో చెప్పాలి. నా మొదటి ఉద్యోగం కారంపూడికి ఆవల ఒక మండలంలో. పేరు చెప్పను, అక్కడివాళ్ళు ఇప్పటికీ నన్ను చూస్తే నవ్వుతారు. వ్యవసాయ శాఖలో చిన్న ఉద్యోగినిగా చేరాను. గ్రేస్‌మణి మేడం ఆ మండలానికి వ్యవసాయాధికారి. మాచర్ల మనిషి. అప్పటికే యాభైకి దగ్గర పడింది. నెరిసిన జుట్టు ముడి, మోచేతుల దాకా చేతులున్న కుర్తా, కాన్వాసు బూట్లు, చేతిలో మగవాళ్ళ గొడుగు. ఇవన్నీ ఒక ఎత్తు, ఆమె వేసుకునే జీన్స్ ప్యాంటు ఒక ఎత్తు. అది బొడ్డు పైదాకా వచ్చి, నడుముకు గట్టిగా పట్టి, కాళ్ళకు తిన్నగా దిగేది. ఉతికి ఉతికి వైశాఖం ఆకాశం రంగుకు వచ్చింది. ఊళ్ళల్లో ఎవరూ ఆమెను పేరుతో పిలిచేవారు కాదు. 'ప్యాంటు మేడం' అనేవారు. ఆమె కూడా ఫోనులో ఎవరైనా గుర్తుపట్టకపోతే, "నేనయ్యా, ప్యాంటు మేడాన్ని" అని చెప్పేది.

నేను చేరిన మొదటి వారం, గంజి పెట్టిన చుడీదారు, మూడు గజాల చున్నీతో ఆమె వెంట మిరప చేలోకి బయల్దేరాను. ఆమె కంప అడ్డం పెట్టిన గట్టును ఒక్క అంగలో దాటింది. నేనూ దాటాను. నా చున్నీ దాటలేదు. సర్కారు కంపకు చుట్టుకుని, లాగినకొద్దీ బిగిసింది. కూలికి వచ్చిన ఆడవాళ్ళు కోత ఆపి చూస్తున్నారు. చివరికి చున్నీని అక్కడే వదిలేసి వచ్చాను. అది నాలుగు రోజులు గులాబీ జెండాలా ఎగిరింది. ఆ గట్టుకు 'చున్నీ గట్టు' అని పేరు పడింది. ఇప్పటికీ సరిహద్దు చెప్పేటప్పుడు ఆ పేరే వాడతారు.

అదే రోజు ఆ చేలో కోటయ్య అనే పెద్దరైతు నన్ను చూసి జాలిపడి, మేడాన్ని చూసి మొహం చిట్లించాడు. "అయినా మేడం, ఆడోళ్ళకి ప్యాంటేంది? చూసేదానికి బాగుంటదా?" అన్నాడు. మేడం కోపం తెచ్చుకోలేదు. కాయ కోస్తున్న ఆడవాళ్ళ వైపు గొడుగు చాపింది. మిరప ఘాటుకు చేతులు మండకుండా వాళ్ళంతా చీరల మీద మొగుళ్ళ పాత ఫుల్‌చేతుల చొక్కాలు వేసుకుని ఉన్నారు. "చొక్కా మొగోళ్ళది వేసుకుంటే నీకు కాయ కోసిపెడతన్నారు కాబట్టి బాగుంది. ప్యాంటు నేను వేసుకుంటే నీకు ఒరిగేదేం లేదు కాబట్టి బాగాలేదు. అంతేనా కోటయ్యా?" ఆడవాళ్ళు మొహాలు దించుకుని నవ్వారు. కోటయ్య తలపాగా సర్దుకుని, మందు ఏం కొట్టాలో అడిగాడు.

ఆ శనివారమే నన్ను నరసరావుపేట తీసుకొచ్చింది. మొదటి రెండు రెడీమేడ్ షాపుల్లో మాకు చూపించినవన్నీ సాగే ప్యాంట్లు. మోకాళ్ళ దగ్గర కావాలని చింపినవి. మేడం ఒకదాని జేబులో వేళ్ళు పెట్టి చూసింది. రెండు కణుపులు దిగి ఆగిపోయాయి. "ఇందులో ఏం పెట్టుకోవాల? చింతగింజా?" అంది. సేల్స్‌మన్, "ట్రెండ్ మేడం" అన్నాడు. నేను ఒకటి వేసుకుని బయటికి వస్తే, "గొంతుక్కూచో" అంది. షాపు మధ్యలో, అద్దం ముందు కూర్చున్నాను. వెనక పర్రుమంది. సేల్స్‌మన్ ఏడుపు మొహంతో, "చిరిగింది మేడం" అన్నాడు. "చిరిగిందే కదయ్యా నువ్వు అమ్మింది. ఇంకొంచెం చిరిగింది" అని, ఆ నష్టం ఎవరిదో అతను ఆలోచించుకునేలోపు నన్ను రోడ్డు మీదికి తెచ్చేసింది.

మూడోది పాత షాపు. పంచె కట్టుకున్న ముసలి షావుకారు ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ఆడవాళ్ళ జీన్స్, పాతకాలం మోడల్, మందంగా ఉండాలి అని మేడం అడిగింది. ఆయన చాలాసేపు ఆలోచించి, నిచ్చెన వేసుకుని అటక ఎక్కాడు. పాత పేపర్లలో చుట్టిన మూట ఒకటి దించాడు. విప్పగానే కలరా ఉండల వాసన. లోపల ముదురు నీలం ప్యాంట్లు, కత్తిరించిన తాటిపట్టల్లా బిర్రుగా, ఇత్తడి జిప్పు, జేబు మూలల్లో రాగి రివిట్లు, ఎర్ర దారం కుట్టు.

"పాతికేళ్ళ నాటి సరుకమ్మా" అన్నాడు షావుకారు. "ఒక అమ్మాయి కొత్తగా గవర్నమెంటు ఉద్యోగమొచ్చిందని వచ్చి అడిగింది. బొంబాయి నుంచి డజను తెప్పించా. ఆ పిల్ల ఒకటి కొనుక్కుపోయింది. అది చూసి మిగతా ఆడపిల్లలు ఎగబడతార్లే అనుకున్నా. ఎవురూ రాలే. పదకొండూ అట్నే ఉండయ్."

నేను మేడం ప్యాంటు వైపు చూశాను. అవే రివిట్లు, అదే ఎర్ర దారం, వెలిసిపోయి గులాబీ రంగులోకి వచ్చింది, అంతే. షావుకారు కూడా కళ్ళజోడు పైకెత్తి చూశాడు.

"నువ్వేనా అమ్మా?"

"నేనేనండీ" అంది మేడం, బడిలో ఆలస్యంగా వచ్చిన పిల్లలా.

"ఇంకొకదాన్ని తీసుకొచ్చేదానికి పాతికేళ్ళు పట్టిందా?"

మేడం మూటలోంచి ఒకటి తీసి నా నడుముకు ఆనించి చూసింది. నాది పన్నెండింటిలో రెండోది. నడుము దగ్గర వదులైతే మేడమే ఇంటికి తీసుకెళ్ళి, గుడ్డ కత్తిరించకుండా లోపలికి రెండు మడతలు పెట్టి కుట్టుకొచ్చింది. "కత్తిరిస్తే మళ్ళా రాదు. రేపు నీకు పిల్లలు పుడితే విప్పుకోవాలిగా" అంది. వేసుకునే ముందు ఉప్పు నీళ్ళలో ఒక రాత్రంతా నానబెట్టి, రంగు దిగిపోయేదాకా మూడుసార్లు జాడించాలని మరీ మరీ చెప్పింది. నేను సరేనన్నాను, చెయ్యలేదు. రెండో రోజే తుఫాను వచ్చింది. పంట నష్టం రాయడానికి అందరూ తెల్లారేసరికి చేలల్లో ఉండాలన్నారు. చేతికి దొరికింది వేసుకుని వెళ్ళాను.

పైనుంచి ఒక పెద్ద ఆఫీసరు జీపులో వచ్చాడు. తెల్లప్యాంటు, తెల్లచొక్కా, జీపు ముందు సీటుకు తెల్ల టర్కీ టవలు. రోడ్డు మీద నిలబడి కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని అటూ ఇటూ చూశాడు. వాగు పొంగుతోంది. "అవతలివి వద్దు. కనపడినంత వరకు రాసి పంపండి" అని, స్కూలు వరండాలోకి టీకి వెళ్ళిపోయాడు. మేడం కాగితాలు ఖాళీ టిఫిన్ క్యారియర్లో పెట్టి మూత బిగించింది. "పద" అని వాగులోకి దిగింది. మోకాలు దాటి నీళ్ళు, అడుగున నల్లరేగడి. చీరైతే కాళ్ళకు చుట్టుకుని నన్ను అక్కడే పడేసేది. భయంతో ఏడుపొచ్చింది. వర్షంలో ఎవరికీ కనపడదు కాబట్టి ఏడ్చాను కూడా. అవతల గట్టు మీద నుంచి ఎవరో, "మేడం, ఎడమ పక్కన ముళ్ళున్నయ్, కాలు జూసుకో" అని అరిచారు. కోటయ్య. ఆయన చేలూ అవతలే. ప్యాంటు మాట ఆ తర్వాత ఆయన నోట ఎన్నడూ వినలేదు.

వాగవతల మిరపంతా పండుకాయతో సహా నీళ్ళలో కుళ్ళుతోంది. చివర శేషమ్మ అనే కౌలు రైతు తన ఎకరం చేని గట్టు మీద కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి లేవలేదు. "ఎవురమ్మా మీరు? ఇటెవురూ రారుగా" అంది. మేడం ఆమె పక్కనే బురదలో కూర్చుని, టిఫిన్ క్యారియర్ విప్పి, నేను పట్టుకున్న గొడుగు కింద పేరు రాసుకుంది. ఆ రోజు అటువైపు ప్రతి పొలం చెక్కలోనూ దిగాం. ఒక్కటీ వదల్లేదు.

తిరిగి వచ్చేసరికి వణుకుతున్నాం. జీపు డ్రైవరు జాలిపడి, స్కూలు దాకా దింపుతానన్నాడు. వెనక సీటు నిండా ఫైళ్ళు, వాటి సందులో మేడం ఇరుక్కుంది. నన్ను ముందు సీటులో కూర్చోమన్నాడు. కూర్చున్నాను. స్కూలు దగ్గర దిగాక ఆ సీటులోకి ఆఫీసరు ఎక్కాడు. మేము వెనక ఆటోలో మండలాఫీసుకు వెళ్ళేసరికి ఆయన జీపు దిగి మెట్లెక్కుతున్నాడు. తెల్లప్యాంటు వెనక రెండు నీలం చందమామలు. "మేడం, నా రంగు" అన్నాను. ఆమె చూసింది. "ఊరుకో. నోరెత్తమాక" అంది.

మీటింగులో గోడ పొడుగునా రైతులు నిలబడి ఉన్నారు. ఆఫీసరుకు సీటు తడి తెలిసినట్టుంది. చెయ్యి కిందికి పోనిచ్చి, వేళ్ళు చూసుకున్నాడు. నీలం. అప్పటినుంచి ఆయన కుర్చీలోంచి కదల్లేదు. మేడం వాగవతలి జాబితా ముందు పెట్టింది. "ఇవి వద్దన్నానుగా" అన్నాడు. "దిగి చూసొచ్చాం సార్. కాదంటే ఇప్పుడే వెళ్దాం, మీరు కూడా లేచి రండి" అంది ఎంతో మర్యాదగా. ఆయన గోడవైపున్న జనాన్ని చూశాడు. పెన్ను తీశాడు. ఆమె ఒక్కొక్క పేజీ తిప్పింది, ఆయన ఒక్కొక్క సంతకం పెట్టాడు.

అయ్యాక గొంతు తగ్గించి, "ఆ రంగు ఎవరిది?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపు, "నాదే సార్" అంది మేడం. ఆయన వెలిసిపోయిన ఆమె ప్యాంటు చూశాడు. ముదురు నీలంలో మెరుస్తున్న నాది చూశాడు. "కొత్తదా?" అన్నాడు. "పాతికేళ్ళు సార్" అంది. ఆయన పెన్నుకు మూత పెట్టాడు. జనం వెళ్ళేటప్పుడు మాత్రం ఆమె పెద్ద రిజిస్టరు ఒకటి అడ్డం పట్టుకుని, ఏదో వివరిస్తున్నట్టు ఆయన వెనకే జీపు దాకా నడిచింది. మనిషిని అక్కడిదాకా తెచ్చి నవ్వులపాలు చెయ్యడం ఆమెకు చేతకాదు.

సంగతి అక్కడితో అయిపోలేదు. మా ఊరు రాజుపాలెంలో మా అమ్మ ఆ బురద ప్యాంటును సోడా వేసి ఉడకబెట్టి, బండకేసి బాదింది. అదే నీళ్ళలో నాన్న పంచెలు నాలుగు జాడించింది. మర్నాడు నాన్న లేత నీలం పంచెతో సెంటర్లోకి వెళితే, "ఏ పార్టీలో చేరావు బావా?" అని టీకొట్టు దగ్గర అడగనివాడు లేడు. అమ్మ ప్యాంటు పారేస్తానంది. మేడం ఆ ఆదివారం ప్రార్థన ముగించుకుని, రెండు బస్సులు మారి మా ఇంటికి వచ్చింది. "పాపం గట్టి గుడ్డ వదినా, దాన్నట్టా కొట్టకూడదు" అని అమ్మతో వరస కలిపి, పెరట్లో పీట వేసుకుని కూర్చుంది. తరచూ ఉతకొద్దు, దులిపి గాలికెయ్యి. ఉతికిననాడు తిరగేసి చన్నీళ్ళలో కుంకుడు రసం. పిండొద్దు. తొడల దగ్గర పలచబడగానే, చిరక్కముందే లోపల అతుకెయ్యి. అమ్మ మొదట మొహం తిప్పుకుంది, తర్వాత కుంకుళ్ళు తనే కొట్టిచ్చింది. సాయంత్రానికి, "ఆమెకి వేసుకునేదానికి హక్కుందిలే, చానా పద్ధతైన మనిషి" అంది. నాకు హక్కుందో లేదో చెప్పలేదు. ప్యాంటు మాత్రం పారెయ్యలేదు.

మేడం రిటైరై మాచర్లలో ఉండేటప్పుడు చూడ్డానికి వెళ్ళాను. మోకాళ్ళ నొప్పులు, నైటీలో ఉంది. నాకు ప్రమోషన్ వచ్చిందని చెబితే, "మంచిదమ్మాయ్. శేషమ్మ ఈ ఏడు ఏమేసింది?" అని అడిగింది. నాకు తెలియదు. రెండేళ్ళుగా అటువైపు వెళ్ళలేదని చెప్పడానికి సిగ్గేసింది. "కనుక్కో" అంది. కోపంగా కాదు, నీళ్ళు తెమ్మన్నట్టు.

మర్నాడే వాగు దాటి వెళ్ళి చూసి ఫోన్ చేశాను. "శనగేసిందండీ." "మొలక బాగుందా?" "బాగుందండీ." "ఊ" అంది, తృప్తిగా. అప్పటినుంచి ఆమె ఉన్నన్నాళ్ళూ ప్రతి ఏడూ వెళ్ళడం, చూసి ఫోన్ చెయ్యడం అలవాటైంది. ఒకసారి పత్తి, రెండుసార్లు మిరప.

ఈ ఏడు కూడా వెళ్ళాను. శేషమ్మ కంది వేసింది. పూత మీద ఉంది. గట్టు మీద నిలబడి ఫోన్ తీశాను. ఎవరికి చెయ్యాలో తోచలేదు. చేలోకి దిగి, చివరి సాలు దాకా నడిచి, మొక్క మొక్కా చూసి వచ్చాను.