తలుపు చప్పుడు మేస్త్రి

చ్యూ మేస్త్రికి ఒకటే పిచ్చి. తేనెపిట్ట కారు కంటబడితే చాలు, ఆపించి, తలుపు మూడుసార్లు తీసి వేసి, చెవి ఆనించి, "చప్పుడు తేడాగా ఉంది. తాళం ఇటివ్వండి" అంటాడు.

షిన్‌తాన్ పట్టణంలో ఆ కార్ల కంపెనీ బతికింది ఆరేళ్లే. మూడువందల పన్నెండు కార్లు చేశాక గేటుకు తాళం పడింది. యజమాని టైల్స్ వ్యాపారంలో దిగాడు, పనివాళ్లు తలోదిక్కూ పోయారు. తనిఖీ మేస్త్రి చ్యూ మాత్రం ఉద్యోగం పోయిన సంగతి తనకెవరూ చెప్పనట్టే తిరిగేవాడు.

ఒకసారి పెళ్లికారుకే అడ్డం పడ్డాడు.

"మేస్త్రీ, లోపల పెళ్లికూతురుంది!" అని పెళ్లికొడుకు మొత్తుకున్నాడు.

"ఉంటే దిగమను. గంటలో అయిపోతుంది."

పెళ్లికూతురు బడ్డీకొట్టు ముందు కూర్చుని రెండు పొట్లాల పొద్దుతిరుగుడు గింజలు ఒలుచుకు తిన్నాక గాని ఊరేగింపు కదల్లేదు.

టోఫు అమ్మే యాన్‌లింగ్‌కీ తేనెపిట్టే ఉంది. నెలరోజులు ఆయన కనబడగానే సందు మార్చేసింది. చివరికి సంతలో దొరికిపోయింది.

"వదులు మేస్త్రీ, టోఫు పులిసిపోతుంది!"

"మొత్తం నేను కొంటాను. తాళమిచ్చి, వెళ్లి నూడుల్స్ తిను తల్లీ."

తిట్టుకుంటూ వెళ్లింది. పర్సు మరిచిపోయి వెనక్కొస్తే, కారు కింద రెండు కాళ్లు కనిపించాయి.

"తలుపు పైనుంటే కిందేం చేస్తున్నావ్?"

"చప్పుడు కిందినుంచే పుడుతుంది."

వంగి చూసింది. ఆయన చేతిలో కొత్త బ్రేకు గొట్టం. పాతది ఇరుసుకు రాసుకుని సగం అరిగిపోయింది. యాన్‌లింగ్ రోజూ కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని కొండదారి దిగేది ఆ బండిలోనే.

"అన్నిటికీ ఇంతేనా?"

"అన్నిటికీ. బాగుందని ముద్ర వేసింది నేనే. తప్పు తెలిసేసరికి కంపెనీ లేదు."

"ఆ మాట చెప్పొచ్చుగా!"

"మొదట్లో ఇద్దరికి చెప్పాను. భయపడి మర్నాడే అమ్మేశారు. కొన్నవాళ్లకి మాత్రం చెప్పలేదు. ఆ రెండు బండ్లూ వెతకడానికి ఏడాది పట్టింది. తలుపు పిచ్చోడనుకుంటే తిట్టుకుంటూనైనా తాళమిస్తారు."

"ఇంకా ఎన్ని?"

"పదకొండు."

ఆ ఆదివారం నుంచి యాన్‌లింగే ఆయన్ని తన కారులో తిప్పింది. ఆఖరిది ఓ కొండపల్లెలో దొరికింది. దాని సొంతదారు చక్రాలు పీకేసి, ఇటుకల మీద నిలబెట్టి కోళ్లగూడు చేసుకున్నాడు.

"హమ్మయ్య, దీనికి అక్కర్లేదు. పద మేస్త్రీ" అని నవ్వింది యాన్‌లింగ్.

చ్యూ అప్పటికే చొక్కా చేతులు మడిచి కిందికి దూరాడు.

"చక్రాలే లేవయ్యా!"

"చక్రాలు ఎవడైనా ఎప్పుడైనా బిగిస్తాడు. గొట్టం సంగతి వాడికెవడు చెబుతాడు? ఆ చిన్న పానా అందుకో."

యాన్‌లింగ్ పానా మీద తిష్టవేసిన కోడిని బతిమాలి లేపి, తనూ కారు కిందికి దూరింది.