లిండాల్వక్క పీత, మా ఆయన డొక్కు పెట్టెలు

మా ఆయన జెనివాల్‌కి పాత సామాను కనబడితే చాలు, ప్రాణం లేచొస్తుంది. బ్రెజిల్‌లోని మా రెసీఫీ ఊళ్లో రేడియోలు, టీవీలు బాగుచేసే కొట్టు పెట్టుకుని బతికినవాడు. జనం పాడైనవి పారేసి కొత్తవి కొనుక్కోవడం మొదలెట్టాక కొట్టు మూతపడింది, మనిషి సగమైపోయాడు. ఆ తర్వాతే ఆఫీసులవాళ్లు వదిలించుకున్న డొక్కు కంప్యూటర్లు మోసుకొచ్చి మా పేట సంఘం గదిలో చేర్చాడు.

"ఇవి నత్తలయ్యా! ఒక్కటి తెరుచుకునేలోగా నా చిక్కుళ్లు ఉడికిపోతాయి," అన్నాను.

"వీటితో పని చేయించేదెవరే? మూలనున్న ఆ కొత్త కంప్యూటరొక్కటే పనంతా చేస్తుంది. ఇవి వైరు తగిలించుకుని, అది చేసింది చూపిస్తాయంతే!"

ఆ కళ్లలో మెరుపు చూసి ఎన్నాళ్లయిందో!

అంతలో సంఘం పెద్ద లిండాల్వక్క ఊడిపడింది. కార్నివాల్ పండగ దగ్గరకొచ్చేసింది, పీత వేషాలతో ఊరేగే మా పేట గుంపు డప్పులకీ దుస్తులకీ ఆ గది కావాలట.

"ఆదివారానికల్లా ఈ తుక్కు బయటుండాలి, జెనివాలూ!"

మా ఆయన మొహం వాడిపోయింది. ఈ గది కూడా పోతే ఇక ఆయన కోలుకోడు. ఒళ్లు మండి నోరు జారాను.

"అక్కా, ఊరేగింపు జెండాకి పీత బొమ్మ ఇంకా గీయలేదుగా? ఈ తుక్కు మీదే గీసి చూడు. నచ్చకపోతే నేనే మోసి పారేస్తా!"

శనివారం పొద్దున్నే అక్క ఓ పెట్టె ముందు కూర్చుంది. మొదట గీసింది చూసి, "పీతా, బంగాళాదుంపా?" అని డప్పులవాళ్లు ఒకటే నవ్వు. "నోర్ముయ్యండ్రా!" అంటూనే గీసింది. మధ్యాహ్నానికి కాళ్లొచ్చాయి, కళ్లొచ్చాయి, ఒక కొండి పైకి లేచింది. అబ్బ, ఎంత ముద్దుగా ఉందో!

అప్పుడు టప్‌మంది. పొగ. తెర నల్లబడింది.

"నా పీత! పొద్దున్నుంచీ గీశానురోయ్!" అక్క కేకకి వీధంతా వచ్చేసింది. నేను మా ఆయన వైపు తిరిగాను.

మా ఆయన నవ్వుతున్నాడు!

"ఏమయ్యా, మతి పోయిందా?" అన్నాను.

"అక్కా, పక్క పెట్టె దగ్గర కూర్చో. నీ పేరు కొట్టు."

తిట్టుకుంటూనే కొట్టింది. వచ్చేసింది! అదే పీత, అదే కొండి, గీత ఎక్కడ ఆగిందో అక్కడే!

"కాలింది పెట్టె ఒక్కటే అక్కా. నీ పీత మూలనున్నదాని దగ్గర భద్రంగా ఉంది."

గదంతా ఈలలు, చప్పట్లు! అక్క మాత్రం రెండో కొండి పూర్తిగా గీసి, అప్పుడు తలెత్తి డప్పులవాళ్ల మీద అరిచింది.

"చూస్తారేంట్రా? డప్పులు మా ఇంటికి మోయండి! మంచం జరిపితే బోలెడంత చోటు."

గుమ్మం దాకా వెళ్లి మళ్లీ వెనక్కి తిరిగింది.

"జెనివాలూ! ఆ కాలినదాన్ని పారేస్తావేమో, జాగ్రత్త. బాగుచెయ్!"

మా ఆయన అప్పటికే స్క్రూడ్రైవర్ తీశాడు. బాగుచెయ్యమని ఆయన్ని ఒకరు అడిగి ఎన్నేళ్లయిందో!