చిట్టి ఇచ్చిన ధైర్యం

ఇంట్లో అందరికంటే చిన్నది కాబట్టి ఆమె చిట్టి. ముప్పై దాటినా, పీహెచ్‌డీలో చేరినా ఆ పేరు వదల్లేదు. రొమ్ము క్యాన్సర్ గడ్డల్లోంచి పలచగా కోసిన ముక్కలకు రంగు పట్టించి మైక్రోస్కోపులో చూడటం ఆమె పని. ఒక ప్రొటీన్ ఎక్కువగా ఉంటే ముక్క ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది. ముక్క అలా రంగు తిరిగిన రోగులెవరికీ జబ్బు తిరగబెట్టలేదని మొదటి విడతలో తేలింది. చిట్టి కాళ్ళు నేల మీద నిలవలేదు.

"అప్పుడే ఎగరకు. వేరే ఆసుపత్రి శాంపిల్స్ కూడా చూడాలి" అన్నాడు గైడు.

ఆ రోజుల్లోనే అక్కకు గడ్డ తీశారు. మళ్ళీ రాకుండా కీమో పెట్టించుకోమన్నారు డాక్టర్లు. అక్కకు జుట్టంటే ప్రాణం.

"నువ్వు చదివేది దీని గురించేగా? నాకది తప్పదా? చెప్పవే!"

ఆపరేషన్ జరిగింది చిట్టి పనిచేసే చోటే. పరిశోధనకు వాడుకోమని అక్క సంతకం పెట్టిన ముక్క చెల్లెలి బల్ల మీదికే వచ్చింది. రంగు పట్టిస్తే చెప్పుతోలంత ముదురు. చిట్టి పరుగున వెళ్ళి చెప్పింది.

"నీకు కీమో అక్కర్లేదక్కా."

బావ నసిగాడు. అక్క వినలేదు. ఇంట్లోనే డాక్టరుందని మురిసిపోయింది.

రెండో విడత శాంపిల్స్ వచ్చేసరికి ఏడాది తిరిగింది. ముదురు రంగువాళ్ళకూ లేనివాళ్ళకూ ఒకేలా తిరగబెట్టింది. చిట్టి వెంటనే అక్కకు ఫోన్ చేసింది. అప్పటికే ఆమెకు నడుం నొప్పి. ఎముకలకు పాకిందని స్కానులో తెలిసింది. వేసవి రాకముందే పోయింది.

"పనికిరాదని తేల్చడమూ ఫలితమేనమ్మా" అని గైడు థీసిస్ రాయించాడు.

వైవాలో బయటి ప్రొఫెసరు ఒక స్లైడు దగ్గర ఆగాడు. దాని మీద నంబరే గానీ పేరు లేదు.

"ఇంత ముదురు రంగు, అయినా తిరగబెట్టింది! ఇంతకంటే మంచి కేసు నీకు దొరకదు. కీమో ఎందుకు తీసుకోలేదట?"

"అక్కర్లేదని ఎవరో చెప్పారట సార్."

"ఎవరా మహానుభావులు?"

గది ఘొల్లుమంది. చిట్టి కూడా నవ్వింది. డాక్టరేటు ఖాయమైంది. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ సాయంత్రం బావ ఇంటికి వెళ్ళింది. అక్క కూతురు దుప్పటి కప్పుకుని మూలుగుతోంది. నుదుటి మీద చెయ్యి వేయబోతే బావ ఆ చేతిని పక్కకు తీసేశాడు.

"నువ్వు ముట్టుకోకు. డాక్టరుకు చూపించడానికి తీసుకెళ్తున్నా."

"నేనూ వస్తా బావా."

"ఎందుకూ?"

ఆమె గుమ్మం దాటేదాకా ఆగి తాళం వేశాడు. పాపను భుజాన వేసుకుని మెట్లు దిగిపోయాడు.